మంజీర వరదకు చోటెక్కడ?

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదర్ మీదుగా తెలంగాణలో ప్రవేశించి, సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను దాటి, సుమారు 724 కిలోమీటర్ల ప్రయాణం తరువాత కందకుర్తి వద్ద గోదావరిలో కలిసే మంజీర నదే బోధన్ ప్రాంతపు సేద్యానికి ప్రాణం. ఈ నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు లేకపోతే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసేదే కాదు. ఆనకట్ట రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, 1908 మూసీ వరద అనంతరం హైదరాబాద్ రక్షణకు తలపెట్టిన హిమాయత్‌సాగర్‌ను కూడా నిర్మించిన ఇంజనీరు. కనుక వరదను నిలిపి పొలానికి మళ్లించే ఆలోచన ఈ ప్రాంతానికి పాతదే. మారినది వాన తీరు.

గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందుచేత వానలు కురిసే రోజులు తగ్గినా, కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం హెచ్చుతుంది. మంజీర పరీవాహక ప్రాంతం, అంటే ఏ నేల మీద పడిన వాన ఆ నదికి చేరుతుందో ఆ నేలంతా, పదేళ్ల వ్యవధిలో రెండు విపరీతాలనూ చూసింది. 2015-16 కరవులో సింగూరు, నిజాంసాగర్ ఎండిపోయాయి, అదే కాలంలో, 2015 డిసెంబరులో, బోధన్ చక్కెర కర్మాగారం మూతపడింది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లా అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, భిక్కనూరు-తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అదే వరదలో 1922 నాటి పోచారం ఆనకట్ట, సుమారు 70 వేల క్యూసెక్కులకు రూపొందించినది, అంతకు రెట్టింపును మించిన ప్రవాహాన్ని తట్టుకుని నిలిచింది. ఆ రాతి కట్టడం చేసినవారి పనితనానికి ఎంత రుణపడినా తక్కువే. అయితే కట్ట నిలిచింది కదా అని ప్రభుత్వం ఊరట చెందితే, తరువాతి పరీక్షకు ఆ రాతినే మళ్లీ ఒంటరిగా వదిలేసినట్టవుతుంది.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే దానిని క్యూసెక్కు అంటారు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అవుతుంది. ఈ లెక్కన లక్షన్నర క్యూసెక్కుల వరద ఒక్క రోజులో దాదాపు 13 టీఎంసీలు మోసుకొస్తుంది. నిజాంసాగర్ ప్రస్తుత నిల్వ సామర్థ్యం 17.8 టీఎంసీలే, కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలున్న జలాశయం పూడికతో కుంచించుకుపోగా, తరువాత నీటిమట్టాన్ని పెంచి కొంత మేర తిరిగి సాధించుకున్నారు. వానాకాలం నడిమికే జలాశయం నిండుగా ఉంటే వచ్చిన వరదను వచ్చినట్టే దిగువకు వదలడం తప్ప దారి ఉండదు. కొంత ఖాళీ ఉంచితే వరద ఉద్ధృతి తగ్గుతుంది, కానీ ఆ తరువాత వాన పడకపోతే యాసంగి వరికి నీరు చాలదు. ఆయకట్టు రైతు భయం, దిగువ ఊళ్ల భయం రెండూ న్యాయమైనవే కాబట్టి, ఏ నెలలో నీటిమట్టం ఎంత ఉండాలో ముందే ఒక పట్టికలో నిర్ణయించాలి; దీనిని ఇంజనీర్లు రూల్ కర్వ్ అని పిలుస్తారు. పాత వానల లెక్కతో వేసిన పట్టికను కొత్త వానల లెక్కతో తిరగరాయడమే ఈ ప్రాంతంలో వాతావరణ ప్రణాళికకు అసలు పని. 2008లో కేంద్రం వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది, ఆ తరువాత రాష్ట్రాలూ తమ తమ ప్రణాళికలు రూపొందించుకున్నాయి. గేటు ఎత్తే ఉద్యోగి చేతిలోని కాగితం దాకా ఆ ఆలోచన చేరితే తప్ప రైతుకు ప్రయోజనం లేదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం పెద్ద ఆనకట్టలకు వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీలను, ఐదేళ్లలోగా అత్యవసర కార్యాచరణ ప్రణాళికను తప్పనిసరి చేసింది. కట్టకు ప్రమాదం వస్తే ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ ఊరిని ఏ దారిన తరలించాలి అన్నది అందులో ఉండాలి. 15 మీటర్లకు మించిన కట్టలు, 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటిలో కొన్ని మాత్రమే ఈ చట్టం కిందికి వస్తాయి గనుక, చాలా ఊరి చెరువులు దాని వెలుపలే మిగిలాయి. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయించి చెరువులకు చోటు పెంచింది, ఇది మెచ్చదగినదే. అయితే మత్తడి వెడల్పును, మత్తడి దుంకిన నీరు పోయే వాగు దారిని కూడా అదే శ్రద్ధతో చూడాలి. నిజామాబాద్ పట్టణంలో పులాంగ్ వాగు వంటి ప్రవాహాలకు ఇది మరీ వర్తిస్తుంది, ఎందుకంటే ఇరుకైన వాగు తన చోటును పక్కనున్న ఇళ్లలో వెతుక్కుంటుంది.

బోధన్ వైపు సమస్య వేరు. దిగువన 42 వరద గేట్లున్న శ్రీరాంసాగర్ నిండి గోదావరి పొంగినప్పుడు మంజీర నీరు అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది; హంగర్గా వంటి ఊళ్లు 2025లో ఆ వెనుక జలాల్లో చిక్కుకున్నాయి. నల్లరేగడిలో నిలిచిన నీరు త్వరగా ఇంకదు. పసుపు మడిలో ఆకు పాలిపోయి, దుంపకుళ్లు సోకి, కొమ్ము వేళ్ల మధ్య నలిగిపోతుంది. పడిపోయిన చెరకు గడకు కణుపుల దగ్గర వేళ్లు పుట్టి తీపి తగ్గుతుంది. ఇలాంటి నష్టాన్ని ఆకస్మిక విపత్తుగా లెక్కగట్టి ఏటా సాయం ప్రకటించడం చాలదు, శ్రీరాంసాగర్ మట్టం ఎంతకు చేరితే ఏ సర్వే నంబర్లు మునుగుతాయో గ్రామపంచాయతీ గోడ మీద రాసి ఉంచాలి.

మంజీర మూడు రాష్ట్రాల నది అయినా, వాటి మధ్య సమన్వయం అసాధ్యమేమీ కాదు. గోదావరిపై మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గేట్లను ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచే ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చాక, అధికారుల సమక్షంలో ఆ గేట్లు తేదీ ప్రకారం ఎత్తుతున్నారు. ఎగువ వానల సమాచారం గంటగంటకూ అందేలా, సింగూరు నుంచి కందకుర్తి దాకా నీటి విడుదల ఒకే వరుసలో సాగేలా మంజీరకు కూడా అటువంటి పట్టిక కావాలి; అది తెలుగులో, ముంపు గ్రామాల రైతుల చేతికి, నైరుతి వానలు మొదలవకముందే అందాలి.