మురుగు ఎందుకు పొంగుతుంది, మనిషిని ఎందుకు దించుతారు

వానాకాలంలో పేపర్లలో రెండు రకాల వార్తలు చూస్తుంటాం. సెల్లార్లోకి మురుగునీళ్ళొచ్చి కార్లు మునిగాయని ఒకటి. మ్యాన్‌హోల్లో దిగిన కూలీలు ఊపిరాడక చనిపోయారని ఇంకొకటి. రెండోది లోపలి పేజీలో ఉంటుంది. ఈ రెండూ ఒకే కథ అని మాత్రం ఎవరూ రాయరు.

మురుగు పైపు చాలాచోట్ల మోటారుతో కాదు, వాలు మీద నడుస్తుంది. నీళ్ళు సెకనుకు సుమారు 0.6 మీటరు వేగంతోనైనా పారితేనే ఇసుక, మట్టి కొట్టుకుపోతాయి. పైపు కుంగినా, చెట్ల వేళ్ళు జొరబడినా, హోటళ్ళ నూనె జిడ్డు గడ్డకట్టినా వేగం తగ్గుతుంది. తగ్గిన చోట పూడిక చేరుతుంది, ఆ పూడిక వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు, నెలలు పడుతుంది. ఆపైన వాన. హైదరాబాదు వంటి నగరాల్లో మురుగు లైన్లు వాననీటి కోసం లెక్కగట్టినవి కావు. అయినా డాబా గొట్టాలు అందులోకే కలుపుతారు, రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే మూత ఎత్తి పంపిస్తారు. అడ్డుకి ఎగువనున్న మ్యాన్‌హోళ్ళు నిండి, నీళ్ళు ఎక్కడ పల్లంగా దారి దొరికితే అక్కడ పైకొస్తాయి. రోడ్డు కంటే కిందుండే సెల్లార్ బాత్రూము జాలీయే ఆ దారి. ఎదురునీటిని ఆపే వాల్వు పెడితే చాలావరకు ఆగుతుంది. బిల్డింగు కట్టేవాళ్ళకి అది గుర్తుకు రావాలి కదా!

అడ్డు ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేం కాదు. ఒక మ్యాన్‌హోల్ నిండి, దాని దిగువది ఖాళీగా ఉంటే అడ్డు ఆ రెంటి మధ్యనే. మా చిన్నాయన ముప్పై ఏళ్ళు ఈ పని చేశాడు. తారు కింద పూడిపోయిన మూతలు సైతం ఆయన నోటిలెక్కలో ఉండేవి. రిటైరైన రోజు ఆయనకి శాలువా కప్పారు గానీ ఆ లెక్క రాసుకున్నవాడు లేడు. హైదరాబాదు డ్రైనేజీకి ప్లాను వేసిన విశ్వేశ్వరయ్య పేరు పిల్లలకి కూడా తెలుసు. దాన్ని లోపలికి దిగి నడిపిన మెహతర్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

సరైన పద్ధతి ఏమంటే, వానలకి ముందే ఒక్కో లైనుకి వంతు పెట్టి శుభ్రం చేయడం. జెట్టింగ్ మిషన్ గొట్టాన్ని దిగువ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకి పంపుతారు. దాని మూతి నుంచి వెనక్కి చిమ్మే నీళ్ళు పూడికని దిగువకి లాక్కొస్తాయి, అక్కడ సక్షన్ మిషన్‌తో తీసేస్తారు. మనిషి దిగక్కర్లేదు. వంతు తప్పితే లైను బిగుసుకుంటుంది, పొంగుతుంది, ఫోన్లు మోగుతాయి. అప్పుడది 'అత్యవసరం'. కాంట్రాక్టరు అడ్డా మీద మాదిగ పిల్లల్ని తీసుకొచ్చి తాడు కట్టి దించుతాడు. కాలు పడి పూడిక కదలగానే అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడు పైకొస్తుంది. ఈ గాలి ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మొదటివాడు పడిపోతే, తీద్దామని దిగిన రెండోవాడూ పోతాడు.

1993 చట్టం ప్రధానంగా పొడి పాయిఖానాలకే పరిమితమైంది. మ్యాన్‌హోల్ మాట 2013 చట్టంలో వచ్చింది. అయితే అది నిషేధించింది 'ప్రమాదకర' శుభ్రతను, అంటే రక్షణ సామగ్రి ఇవ్వకుండా చేయించే పనిని. గ్లౌజులిచ్చామని కాంట్రాక్టరు తప్పించుకునే సందు అక్కడే ఉంది. సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో 2014లో సుప్రీంకోర్టు, అత్యవసరమైనా రక్షణ లేకుండా దించడం నేరమేనంది. 1993 నుంచి జరిగిన ఒక్కో చావుకి 10 లక్షలిమ్మంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు గల్లీల్లో తిరిగే చిన్న జెట్టింగ్ మిషన్లు 70 తెచ్చి, దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ ద్వారా నడిపించింది. మంచిదే. దిగేవాడి చేతికి బండి తాళం రావడం చిన్న సంగతి కాదు. కానీ మిషన్ కూడా ఫిర్యాదు వచ్చాకే కదిలితే వంతు తప్పినట్టే. చావు తర్వాత మనం నష్టపరిహారం అడుగుతున్నాం. దాంతోపాటు రిజిస్టరు కూడా అడగాలి: ఆ లైను చివరిసారి ఏ తేదీన శుభ్రం చేశారు, ఏ మిషన్‌తో, కింద సంతకం ఎవరిది?