తినే చెంచా, తినరాని పొట్లం

పిల్లలూ! అరటిపండు తిని తొక్కను పెరట్లో పారేస్తే కొద్ది రోజులకు నల్లబడి, మెల్లగా మట్టిలో కలిసిపోతుంది. మరి చిప్సు తిని పొట్లం పారేస్తే? అది కుళ్ళదు. వచ్చే ఏడు వానాకాలంలో చూచినా దానిమీది బొమ్మ మిమ్మల్ని చూచి నవ్వుతూనే ఉంటుంది. ఎందుచేత?

మట్టిలో కంటికి కనపడని జీవులు కోట్లకొలది ఉన్నాయి. తొక్క, ఆకు, కాగితం అన్నీ వాటికి ఆహారమే. 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మరేదో చేయబోయి, తమ పాత్రలో మైనంవంటి తెల్లని పదార్థం మిగలటం చూచారు. అదే పాలిథీన్. మట్టిలోని జీవులకు ఇది బొత్తిగా కొత్త వంటకం! దాన్ని జీర్ణం చేసుకోవటం వాటికి ఇంకా సరిగా చేతకావటం లేదు.

చిప్సు పొట్లం సంగతి మరీ చిక్కు. విప్పి చూడండి, లోపల వెండిలా మెరుస్తుంది. ఒక ప్లాస్టిక్ పొరమీద రంగుల అచ్చు, ఇంకో పొరమీద అల్యూమినియం పూత, రెండూ విడదీయరాకుండా అతికి ఉంటాయి. గాలి, వెలుతురు, తేమ లోనికి పోకుండా ఈ ఏర్పాటు. నిజం చెప్పాలంటే మంచి ఏర్పాటే. చిప్సు నెలల తరబడి కరకరలాడతాయి. కాని ఆ పొరలను విడదీయాలంటే వాటి విలువకన్న ఖర్చే ఎక్కువ. అందుకే చిత్తుకాగితాలు ఏరేవారు నీళ్ళసీసాను సంచిలో వేసుకుని, పక్కనే ఉన్న పొట్లాన్ని వదిలేస్తారు. పాతసామాన్ల కొట్టులో దానికి డబ్బివ్వరు మరి! పొట్లం తయారు చేసినవారు చిప్సు మన నోటిదాకా ఎలా రావాలో చక్కగా ఆలోచించారు. ఆ తరువాత పొట్లం ఎక్కడికి పోవాలన్నది వారి లెక్కలో లేదు.

ఎక్కడికి పోతుంది? హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర, విజయవాడ రోడ్డు పక్కన, కృష్ణజింకలు తిరిగే హరిణవనస్థలి ఉంది. పూర్వం నిజాం ప్రభువులు వేటాడిన అడవి అది. దాని పొరుగునే ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు నగరంలోని చెత్తను తెచ్చి పోశారు. తరువాత చెత్తబండ్లు జవహర్‌నగర్‌కు మళ్ళాయి. బండ్లు ఆగాయి గాని, పోసిన గుట్ట ఎక్కడికి పోతుంది? వాన కురిసినప్పుడల్లా దానిలోంచి నల్లని నీరు చుట్టుపక్కల నేలలోకి కారుతూ వచ్చింది.

మోదుగాకులు, అడ్డాకులు పుల్లలతో కుట్టిన విస్తరిని మీ తాతగారు బాగా ఎరుగుదురు. భోజనం కాగానే దిబ్బమీద వేస్తే కొంత మేక తినేది, మిగిలింది ఎరువయ్యేది. ఇప్పుడు విందుల్లో అరటాకు బొమ్మ అచ్చువేసి, ప్లాస్టిక్ పూత పూసిన కాగితం పరుస్తున్నారు. పాపం, ఆవుకు ఆ తేడా తెలియదు!

హైదరాబాదులోనే నారాయణ పీసపాటి అనే ఆయన ఉన్నారు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో పనిచేసినవారు. 2010లో ఆయన బేకీస్ అనే సంస్థ పెట్టి, జొన్న, బియ్యం, గోధుమ పిండ్లు కలిపి కాల్చి చెంచాలు చేయించారు. భోజనం అయ్యాక చెంచానుకూడా కొరుక్కు తినవచ్చు. వద్దనుకుని పారేస్తే చీమలకు పండుగ! జొన్నే ఎందుకు? వరికి పొలం నిండా నీళ్ళు కావాలి. అందుకోసం బోర్లు వేసి వేసి భూమిలోని నీరు అడుగంటుతోంది. జొన్నకు కొద్దిపాటి నీరు చాలు. జనం జొన్నలు కొంటే రైతు జొన్న వేస్తాడు గదా అని ఆయన ఆశ. చూచారా, చెంచా చివర ఏమవుతుందనే గాక, ఏ పొలంలో మొదలవుతుందనికూడా ఆలోచించారు!

అయితే ఈ చెంచా ఖరీదు ప్లాస్టిక్ చెంచాకన్న ఎక్కువ. ప్లాస్టిక్ చెంచా అంత చౌక ఎలా అయింది? దాన్ని వీధిలో ఎత్తి, బండిలో మోసి, గుట్టమీద పోసే కూలి దాని ధరలో చేరలేదు. ఆ కూలి మీ నాన్నగారు పన్నుగా కడతారు. మిగిలింది గుట్ట పొరుగున బతికేవారు, జింకలతో సహా, చెల్లిస్తారు.

2022 జూలై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ చెంచాలు, పళ్ళాలు, కప్పులు తయారు చేయటం, అమ్మటం నిషేధించారు. చిప్సు పొట్లం ఆ జాబితాలో లేదు.

ఇక మీకొక పని. అమ్మనడిగి ఒక పాత పూలకుండీ తీసుకోండి. విస్తరి ముక్క, చిప్సు పొట్లం, టీ తాగిన కాగితం కప్పు దానిలో పాతి, మట్టి ఎండకుండా అప్పుడప్పుడు నీళ్ళు పోయండి. మూడు నాలుగు నెలలయ్యాక తవ్వి చూడండి. విస్తరి, పొట్లం ఎలా ఉంటాయో మీరే ఊహించగలరు. కప్పును మాత్రం జాగ్రత్తగా చూడండి. కాగితం తడిస్తే నానిపోతుంది గదా, మరి వేడి టీ అందులో ఎలా నిలిచింది?