కోపము – కంఠస్వరము

హైదరాబాదులో మూసీనదికి ఉత్తరమున, అఫ్జల్‌గంజికి చేరువగా బేగంబజారు ఉన్నది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను భార్య హుమ్దాబేగం వర్తకులకు ఇచ్చిన స్థలమగుటచేత దానికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. పాత్రసామానులు, మసాలా దినుసులు, ఎండుఫలములు అచ్చట టోకున అమ్ముదురు. స్టీలు గిన్నెలు దించు చప్పుడు, తోపుడుబండ్లవారి కేకలు, బండ్ల హారనులు, తెలుగు, ఉరుదూ, హిందీ, మార్వాడీ మాటల కలగలుపు – వీని నడుమ మెల్లగా మాటలాడువానికి బేరము కుదరదు.

ఆ వీధిలో గొంతు హెచ్చుటను తప్పుపట్టుటకు వీలులేదు, అది శరీరధర్మము. చుట్టును చప్పుడు హెచ్చగానే మనిషి తనకు తెలియకయే గొంతు హెచ్చించునని ఎటియెన్ లోంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు 1911లో వివరించెను. తన మాట తనకు సరిగా వినబడకపోవుటయే అందులకు ముఖ్యకారణము. అయితే ఏండ్లతరబడి అంగడిలో గడిపినవారికి ఆ గొంతే అలవాటై ఇంటికిని వెంట వచ్చును. ఎడతెగని చప్పుడు వలన వినికిడి మందగించినవారును తెలియకయే బిగ్గరగా మాటలాడుదురు. అట్టివారు చెవులు పరీక్ష చేయించుకొనుట మేలు.

చిక్కంతయు ఇంటిలోనే. గొంతు హెచ్చించునపుడు ఊపిరి బలముగా వెడలును. స్వరతంతువులు బిగిసి స్వరము పై స్థాయికి పోవును. కోపము వచ్చినపుడును ఇంచుమించు ఇట్లే జరుగును. కావున వినువారికి రెండును ఒక్కటిగా తోచును. దుకాణము కట్టివచ్చిన తండ్రి “అమ్మా, నీళ్లు తే” అన్నను బిడ్డకు అది గద్దింపువలె వినబడును. తల్లి నొచ్చుకొని ఒక మాట అనును. “నేనిప్పుడేమన్నాను?” అని అతడు నిజముగనే కోపించును. లేని కోపము పుట్టుట యిట్లు. ఇది నిత్యమైనచో బిడ్డ తండ్రి యెదుట నోరు విప్పుటయే మానుకొనును.

కోపమును వెళ్లగ్రక్కిన చల్లారునని కొందరి నమ్మకము. 2002లో బ్రాడ్ బుష్మన్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 600 మంది విద్యార్థులపై జరిపిన పరిశోధన దీనిని బలపరచలేదు. తమకు కోపము తెప్పించినవానిని తలచుకొనుచు సంచిని గుద్దినవారికంటె, ఊరక కూర్చున్నవారికే కోపము తక్కువగా ఉండెను.

మరి ఉపాయమేమి? మైకు ముందు మేము నేర్చుకొన్నది ఒకటి చెప్పెదము. ఆరుబయట దూరము సగమైనచో ధ్వని సుమారు 6 డెసిబెళ్లు హెచ్చును. కావుననే మైకునకు చేరువగా కూర్చొని మెల్లగా పలికిన మాట వేలాది యిండ్లకు చేరుచున్నది. ఇంటిలోను అంతే. వంటగదిలోనివారిని వసారానుండి కేకవేయక, నాలుగడుగులు వేసి దగ్గరకు పోయి చెప్పవలెను. కోపము తగ్గుటకును ఆ నాలుగడుగులు తోడ్పడును. మాటకు ముందు ఒక్కసారి ఊపిరి నిదానముగా విడువవలెను; ఊపిరి విడుచునపుడు గుండెవేగము కొంత తగ్గును. గదిలో టెలివిజను గాని, రేడియో గాని మ్రోగుచున్నచో ముందు దానిని తగ్గింపుడు. అది మా ప్రసంగమే అయినను మేమేమియు అనుకొనము.

ప్రసారశాలలో మా గొంతు హెచ్చినచో కొలమానములోని సూచిక తెలుపును. ఇంటిలో ఆ పని ఎదుటివారి ముఖము చేయును. అది చిన్నబోయినట్లు కనబడిన వెంటనే “కోపము కాదమ్మా, అంగడి గొంతు” అని చెప్పి, అదే మాటను మెల్లగా మరల చెప్పవలెను.