తాళపుచెవి లేని వేళ

మనిషి తన వస్తువులను కాపాడుకోవడానికి కల్పించుకున్న సాధనాలలో తాళం చాలా ప్రాచీనమైనది. అయితే కాపలా కాయవలసిన తాళమే ఒక్కొక్కసారి యజమానికి అడ్డుగా నిలుస్తుంది. తాళపుచెవి పోయినప్పుడు గానీ, పొరపాటున లోపలే ఉండిపోయినప్పుడు గానీ యజమానికీ, పరాయివానికీ మధ్య తేడాను తాళం గుర్తించలేదు. కారు వెనుక భాగంలో సామాను పెట్టుకొనే డిక్కీ విషయంలో ఈ ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా సాగే రహదారి సారపాక వద్ద గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరుతుంది. అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్లల వైపు గానీ, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, మారేడుమిల్లిల వైపు గానీ వెళ్లేవారికి దారి పొడవునా టేకు, ఇప్ప, తునికి చెట్లు, వెదురు పొదలు కనిపిస్తాయి. అడవి లోపలి దారులలో కొన్నిచోట్ల సెల్‌ఫోన్ పనిచేయదు. మరమ్మతు చేసేవారు దొరకాలంటే ఎంతో దూరం వెళ్లవలసి ఉంటుంది.

భద్రాచల రాముణ్ణి దర్శించుకొని, ఈ దారిలో ప్రయాణిస్తున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. కారు చక్రం పంక్చరయింది. బండి ఆపి, డిక్కీ తెరిచి, ముందుగా మంచినీళ్ల డబ్బా బయటికి తీశారు. చేతిలోని తాళపుచెవిని సంచి మీద పెట్టారు. సంగతి తెలియని మరొకరు డిక్కీ మూత మూసేశారు. మార్చవలసిన స్టెప్నీ, బండిని ఎత్తవలసిన జాకీ, తాళపుచెవి మూడూ లోపలే ఉండిపోయాయి. పట్టణంలో చిన్న చికాకుగా ముగిసిపోయే పొరపాటు పొద్దువాలే వేళ అడవి దారిలో పెద్ద కష్టంగా మారుతుంది. అటువంటప్పుడు చేతికి దొరికిన రాయితో మూతను మోదడం చాలామందికి మొదట తట్టే ఆలోచన. తాళం పనిచేసే తీరు తెలిసినవారు మాత్రం ఆ పని చేయరు.

వేల సంవత్సరాల కిందటే ఈజిప్టులో కొయ్య తాళాలు ఉండేవి. పైనుంచి జారిన కొయ్య మేకులు గడియలోని రంధ్రాలలో దిగి దానిని కదలనిచ్చేవి కావు. పళ్లున్న తాళపుచెవిని లోపలికి పెట్టి ఎత్తితే మేకులు పైకి లేచి గడియ జరిగేది. అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860వ దశకంలో ఇదే సూత్రాన్ని చిన్న లోహపు తాళంలో ఇమిడ్చాడు. కారు తాళాలలో సాధారణంగా మేకులకు బదులు పలుచని లోహపు రేకులు ఉంటాయి. స్ప్రింగు ఒత్తిడి వల్ల ఈ రేకులు తాళంలోని స్తూపం నుంచి బయటికి పొడుచుకొని వచ్చి, దానిని తిరగకుండా ఆపుతాయి. సరైన తాళపుచెవి మీది గాట్లు ప్రతి రేకునూ కావలసినంత మేరకే లోపలికి జరుపుతాయి. ఒక్క రేకు బయట మిగిలినా స్తూపం తిరగదు. వేరే కారు తాళపుచెవి రంధ్రంలో దూరినా తాళం తెరుచుకోకపోవడానికి కారణం ఇదే.

అలాగని తెరవలేని తాళం లోకంలో లేదు. జోసెఫ్ బ్రామా అనే ఆంగ్లేయుడు రూపొందించిన తాళం లండన్‌లోని ఒక దుకాణంలో అద్దం వెనుక ఏళ్ల తరబడి ప్రదర్శనలో ఉండేది. తాళపుచెవి లేకుండా దానిని తెరిచినవారికి 200 గినీలు బహుమతిగా ఇస్తామని ప్రకటించారు. 1851లో ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్ నిపుణుడు 16 రోజులలో మొత్తం 51 గంటలు శ్రమించి దానిని తెరిచాడు. తాళం దొంగను శాశ్వతంగా ఆపలేదనీ, ఆలస్యం మాత్రమే చేయగలదనీ ఈ సంఘటన నిరూపించింది.

డిక్కీ విషయంలో గ్రహించవలసిన ముఖ్యాంశం మరొకటి ఉంది. డిక్కీ మూతను పట్టి ఉంచేది నిజానికి తాళం కాదు, మూత అంచున ఉండే కొక్కెం. మూతను గట్టిగా వేయగానే తాళపుచెవితో పని లేకుండానే కొక్కెం పడుతుంది. తాళపుచెవి లోపలే ఉండిపోవడానికి కారణం కూడా ఇదే. ఆ కొక్కెాన్ని విడిపించే మార్గాలలో బయటి తాళం ఒకటి మాత్రమే. చాలా కార్లలో డ్రైవరు సీటు పక్కన నేల మీద ఒక చిన్న పిడి ఉంటుంది. దాని నుంచి సన్నని తీగ ఒకటి కొక్కెం వరకు వెళుతుంది. పిడిని లాగితే తీగ బిగిసి కొక్కెం వదులుతుంది. కొన్ని కొత్త కార్లలో తీగకు బదులు మీట నొక్కితే పనిచేసే విద్యుత్ మోటారు ఉంటుంది.

కాబట్టి కారు తలుపులు తెరిచి ఉన్నట్లయితే ముందుగా ఈ పిడిని గానీ, మీటను గానీ వెతకాలి. తీగ వదులై పిడి పనిచేయకపోతే, ఒకరు పిడిని లాగి పట్టుకొని, మరొకరు మూతను అరచేతితో కిందికి నొక్కి వదలాలి. సామాను ఒత్తిడి వల్ల బిగుసుకున్న కొక్కెం అప్పుడు సడలవచ్చు. అదీ కుదరకపోతే వెనుక సీటు వైపు చూడాలి. అనేక కార్లలో వెనుక సీటు ఆనుడు భాగం ముందుకు వాలుతుంది. ఆ దారిలో చేయి చాచి తాళపుచెవిని అందుకోవచ్చు. మీటతో తెరుచుకొనే కొత్త కార్లలో బ్యాటరీ పూర్తిగా దిగిపోతే డిక్కీ స్పందించదు. అటువంటి కార్ల రిమోట్‌లో చాలావరకు ఒక చిన్న లోహపు తాళపుచెవి దాగి ఉంటుంది. దానితో ముందు తలుపు తెరిచి, సీటు మీదుగా డిక్కీని చేరవచ్చు.

ఈ మార్గాలన్నీ మూసుకుపోయినప్పుడు ఇంటి నుంచి రెండవ తాళపుచెవిని తెప్పించడం గానీ, తాళాలు బాగుచేసే పనివానిని పిలిపించడం గానీ మంచిది. సమ్మెటతో మోదినా, ఇనుప కడ్డీతో పెకలించినా మూత వంగిపోయి కొక్కెం మరింత బిగుసుకుంటుంది. నిప్పురవ్వలు లేచేలా కోయడం అన్నిటికంటే ప్రమాదకరం. గ్యాసుతో నడిచే కార్లలో సిలిండరు సాధారణంగా డిక్కీలోనే ఉంటుంది. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు కిందనే ఉంటుంది.

తెరిచే నేర్పు ఒక ఎత్తయితే, తెరిచే హక్కు మరొక ఎత్తు. బాధ్యత తెలిసిన పనివాడు కారు రిజిస్ట్రేషన్ పత్రాన్నీ, యజమాని గుర్తింపు కార్డునూ చూడకుండా పని మొదలుపెట్టడు. దీనిని అవమానంగా భావించడం తగదు. ఈ జాగ్రత్తే రేపు అదే కారును దొంగ చేతి నుంచి కాపాడుతుంది. పొరుగున ఉన్న ఒడిశాలో పూరీ జగన్నాథ ఆలయ రత్నభాండారం విషయంలో ఇటువంటి సమస్యే పెద్ద స్థాయిలో ఎదురైంది. లోపలి గది తాళపుచెవులు కనిపించడం లేదని 2018లో వెల్లడైంది. 2024 జూలై 14న, అందుబాటులో ఉన్న తాళపుచెవులతో తాళాలు తెరుచుకోకపోవడంతో, మేజిస్ట్రేట్ సమక్షంలో వాటిని పగలగొట్టి, ఆ తరువాత కొత్త తాళాలు వేశారు. తాళం పగలగొట్టవలసి వచ్చినా, ఆ పని సాక్షుల ఎదుట బహిరంగంగా జరగాలన్నదే ఇందులోని నీతి.

ఈ ఓర్పు అంతా లోపల ఉన్నది వస్తువైనప్పుడే. లోపల ప్రాణం ఉన్నప్పుడు న్యాయం మారుతుంది. 2025 మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడి గ్రామంలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు, తలుపులు మూసుకుపోవడంతో ఊపిరాడక మరణించారు. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. పిల్లల శరీరం పెద్దల శరీరం కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల వేసవి ఎండలు తెలిసినవారికి ఈ ప్రమాదం ఎంతటిదో వివరించనక్కరలేదు. అటువంటప్పుడు తాళపుచెవి కోసం వెతుకుతూ కూర్చోరాదు. పిల్లలకు దూరంగా ఉన్న పక్క కిటికీ అద్దాన్ని మూల వైపు బలంగా కొట్టి పగలగొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య అతికిన పటలంతో తయారవుతుంది కనుక అంత సులభంగా విడిపోదు. పిల్లలు డిక్కీలోనే చిక్కుకుంటే పగిలిన కిటికీ గుండా తలుపు తెరిచి, పిడిని లాగాలి, లేదా వెనుక సీటును వాల్చాలి. మరొకరు వెంటనే 112కు గానీ, 108కి గానీ ఫోన్ చేయాలి.

1998 వేసవిలో అమెరికాలో మూడు వేర్వేరు సంఘటనలలో 11 మంది పిల్లలు కారు డిక్కీలలో చిక్కుకొని మరణించారు. అంతకుముందు 1995లో దుండగులు తనను డిక్కీలో బంధించగా బతికి బయటపడిన జానెట్ ఫెనెల్ అనే మహిళ, లోపలి నుంచి తెరిచే ఏర్పాటు కోసం ఉద్యమించింది. ఫలితంగా 2001 సెప్టెంబరు 1 నుంచి అక్కడ అమ్మే కొత్త కార్ల డిక్కీలలో, లోపలి నుంచి తెరుచుకొనే ఏర్పాటు తప్పనిసరి అయింది. చీకటిలో మెరిసే ఆ పిడిని చిన్నపిల్లలు సైతం లాగగలరు. మన దేశంలోని అన్ని కార్లలో ఈ ఏర్పాటు లేదు. అందువల్ల ఇంటి ముందు నిలిపిన కారుకు తాళం వేయడం, తాళపుచెవిని పిల్లలకు అందకుండా ఉంచడం పెద్దల కర్తవ్యం.

అడవి దారి పట్టే ముందు రెండవ తాళపుచెవిని తోటి ప్రయాణికుని జేబులో ఉంచడం, సీటు పక్కని పిడి పనిచేస్తున్నదో లేదో ఒకసారి లాగి చూడడం పెద్ద శ్రమ కాదు. తాళం వస్తువును కాపాడడానికి పుట్టింది. వస్తువు కోసం ఓపిక పట్టాలి, ప్రాణం కోసం ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయరాదు. ఈ రెండింటి మధ్య భేదం తెలిసినవానికి తాళపుచెవి లేని వేళ కూడా దారి దొరుకుతుంది.