బాలల హింస: దేహము చెప్పు సాక్ష్యము

దెబ్బ తిన్న పెద్దవాడు న్యాయస్థానంలో తన గోడు తాను చెప్పుకొనగలడు. మూడేండ్ల పసివానికి ఆ శక్తి లేదు. కొట్టినవారు ఇంటివారే అయినప్పుడు, ‘మంచం మీది నుండి పడినాడు’ అన్న వారి మాట ఒక్కటే మిగులుతుంది. ఇట్టి చోట న్యాయవైద్యశాస్త్రం పసివాని దేహాన్నే ప్రశ్నిస్తుంది.

గాయాల సంగతి చాలమంది ఎరిగినదే. వేర్వేరు కాలాలలో విరిగి అతికిన ఎముకలు ఒకే బిడ్డలో కనిపించినచో పెద్దల మాటను శంకించవలెనని 1962లో అమెరికాలో డాక్టర్ హెన్రీ కెంప్ బృందం వైద్యలోకాన్ని హెచ్చరించినది. కాని కమిలిన చర్మం కొద్ది వారాలలోనే మామూలు రంగుకు వస్తుంది. గాయం మానిన పిమ్మట కూడ నిలిచియుండు గుర్తులను గూర్చియే మేము ఇచ్చట ముచ్చటించదలచినాము.

1936లో హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను పలు విధాల బాధకు గురిచేసి చూచినాడు. బాధ ఏదైనను ఫలితం ఒక్కటే: అడ్రినల్ గ్రంథులు పెరిగినవి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయినది, జీర్ణకోశంలో పుండ్లు పడినవి. థైమస్ రొమ్ము ఎముక వెనుక ఉంటుంది. నిరంతర భయంలో అడ్రినల్ గ్రంథులు విడుదల చేయు కార్టిసాల్ దానిని క్షీణింపజేస్తుంది. హింసకు, నిర్లక్ష్యానికి బలియైన పిల్లలలో ఈ క్షీణతను జపాను న్యాయవైద్యులు 1992లో వివరించినారు. అయితే ఇది శవపరీక్షలో తెలియునది; బిడ్డ పోయిన తరువాత దొరికే సాక్ష్యం!

బ్రతికియున్న బిడ్డకు వెంట్రుకలున్నవి. తల వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. కనుక మొదలు నుండి 3 సెంటీమీటర్ల ముక్కలోని కార్టిసాల్ గడచిన మూడు నెలల కథను కొంత చెబుతుంది. ఎదుగుదల ఆగి మరల సాగినప్పుడు పొడవైన ఎముకలలో ఏర్పడే అడ్డగీతలు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. వీటికి హారిస్ రేఖలని పేరు.

ఇచ్చటనే చిక్కున్నది. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు రెండు వందలకు పైగా బాలలను విడిపించినారు. వారిలో అత్యధికులు బీహారు నుండి వచ్చినవారు. అట్టి బాలుని ఎముకలో గీత కనిపించినదనుకొందము. అది కార్ఖానాలోని క్రౌర్యం గీసినదా, అంతకు ముందే స్వగ్రామంలో ఆకలియో జ్వరమో గీసినదా? ఎముక చెప్పదు. కార్టిసాల్ సైతం అంతే. స్టెరాయిడ్ మందులు దాని లెక్కను మార్చగలవు, దీర్ఘకాలం హింస పడిన కొందరిలో అది సాధారణం కంటే తగ్గవచ్చును కూడ. బిడ్డ బాధపడినాడని ఈ గుర్తులు చెప్పగలవేమో గాని, బాధించినవారెవరో చెప్పలేవు. కావున మా దృష్టిలో ఇవి ఇతర సాక్ష్యానికి ఆసరా మాత్రమే. వీటినే నమ్మి పేదతల్లిని దోషిగా నిలుపుట మరియొక అన్యాయం.

దోషిని పట్టించు సాక్ష్యం చాల వరకు చూచినవారి నోటనే ఉన్నది. బిడ్డను కాపాడవలసినవారే హింసించినచో 2015 నాటి బాలల న్యాయచట్టం 75వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు శిక్ష కలదు. లైంగిక నేరమైనచో 2012 నాటి పోక్సో చట్టం తెలిసినవారందరును తెలుపవలెనని విధించినది. తెలుపనివారికి ఆరు నెలల వరకు జైలు. మన మోతీనగర్ నుండియైనను 1098కి ఫోను చేయవచ్చును, పైకము అక్కరలేదు.