మన అంబులెన్సు కింద ఆయిల్ మరక



ఈ ఏటి ఖర్చుల పట్టికలో ‘వాహన మరమ్మతులు’ అన్న పద్దు చూసి కొందరు దాతలు మమ్మల్ని అడిగారు, అంబులెన్సు రోజూ తిరుగుతూనే ఉంది కదా, మరి ఈ మరమ్మతు దేనికని. అడగడం న్యాయమే. డబ్బు మీది, మా దగ్గర ఉన్నది అమానత్‌గా. ఆ పద్దు వెనక ఉన్న సంగతి ఇంజన్ ఆయిల్ లీకు. దాన్ని ఎలా పట్టుకున్నామో, ఎలా ఆపించామో ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం. మీలో చాలామందికి సొంత కార్లున్నాయి, వ్యాన్లు తిప్పుకుని ఇల్లు నడుపుకునేవారూ ఉన్నారు. వారికి కూడా పనికొస్తుంది.

మనది పాత మారుతి ఓమ్ని. ఆ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది. దాని ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, సీటు ఎత్తితే చాలు కనబడుతుంది. పని చేసేవాడికి అది సుఖమే. కానీ ఆయిల్ కారి పొగగొట్టం మీద పడిందంటే మాడిన వాసన, పొగ నేరుగా బండి లోపలికే వస్తాయి. లోపల స్ట్రెచర్ మీద ఊపిరాడక కేజీహెచ్‌కో విమ్స్‌కో పోతున్న మనిషి ఉంటాడు. పొగగొట్టం బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఆ ఆయిల్ అంటుకునే ప్రమాదమూ ఉంది. ఒక చుక్కే కదా అని వదిలేయడానికి మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

మొదటి ప్రశ్న, కింద పడ్డది ఇంజన్ ఆయిలేనా? రాత్రి బండి ఆపాక కింద ఒక పాత అట్టపెట్టె విప్పి పరచాలి, నాలుగు మూలలా రాయి పెట్టాలి. తెల్లవారాక చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగో చూడాలి. గోధుమరంగు లేక నలుపు, వేళ్ల మధ్య రుద్దితే జారుడు ఉంటే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే రేడియేటర్‌లో పోసే కూలెంట్. చక్రం లోపలివైపు పల్చగా, లేత పసుపుగా కనబడితే బ్రేక్ ఆయిల్, అప్పుడు బండి కదపకూడదు. ఏసీ నుంచి కారేది వట్టి నీళ్లు, మన విశాఖ ఉక్కలో అది గ్లాసులకొద్దీ కారుతుంది, భయం లేదు. గేరు ఆయిల్ ఒక్కటే మోసం చేస్తుంది. అదీ జిడ్డే. కానీ మరింత చిక్కగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన, అంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కాసేపట్లో తెలుస్తుంది.

రెండో ప్రశ్న, ఎంత కారుతోంది? నిమిషానికి ఒక చుక్క అంటే రోజుకు 1,440 చుక్కలు. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు లెక్కేసినా రోజుకు 72 మిల్లీలీటర్లు, రెండు వారాలకు ఒక లీటరు. ఓమ్ని ఇంజన్‌లో పట్టేది మూడు లీటర్ల లోపే. అందులో మూడో వంతు తెలియకుండా పోతుందన్నమాట. బండి నడుస్తున్నప్పుడు లోపల ఆయిల్ వేడిగా, పల్చగా ఉండి ఒత్తిడితో తిరుగుతుంది కాబట్టి ఆగి ఉన్నప్పటి కంటే ఎక్కువే కారుతుంది. డిప్‌స్టిక్ రోజూ చూడాలని డ్రైవర్లకు పదేపదే చెప్పేది అందుకే. చదునైన నేల మీద, పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకముందు చూడాలి. కింద చుక్క లేకుండానే ఆయిల్ తగ్గిపోతూ, వెనక నుంచి నీలం పొగ వస్తుంటే అది లీకు కాదు, ఇంజన్ ఆయిల్‌ను లోపల కాల్చేస్తోంది. ఆ జబ్బు వేరు, వైద్యమూ వేరు.

మన బండిని మొదట చూసిన మెకానిక్ షెడ్డులో బెల్ హౌసింగ్ కింద తడి చూశారు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య గంటలా ఉండే భాగం అది. చూసిన వెంటనే, క్రాంక్ వెనక ఆయిల్ సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారు. ఆ మాట అబద్ధం కానక్కర్లేదు, వెనక సీలు పోతే తడి అక్కడే కనబడుతుంది. సీలు ధర తక్కువే, దాన్ని చేరుకోవడానికి పట్టే కూలీ ఎక్కువ, పైగా అంబులెన్సు షెడ్డులో ఉన్నన్నాళ్లూ రోగులకు బండి ఉండదు. అందుకే దించమనే ముందు ఒక్క మాట అడిగాం: ఆయిల్ కనబడిన చోటే పుట్టిందా?

ఆయిల్ కిందికి జారుతుంది. బండి ముందుకు పోతుంటే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. ఇంజన్ తల మీద ముందు మూల కారినది వెనక అడుగున చుక్కై పడవచ్చు. కాబట్టి తడిసిన చోట్లన్నిటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నది ఏదో వెతకాలి. కింద ఉన్నవన్నీ దాని పిల్లలే. కానీ ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, దాని మీద పోర్టు దుమ్ము ఉన్నప్పుడు పాత తడికీ కొత్త తడికీ తేడా కనబడదు. అందుకని ముందు కడగాలి. చల్లారిన ఇంజన్‌కు డీగ్రీజర్ గానీ కిరోసిన్ గానీ బ్రష్షుతో పూసి, గుడ్డతో తుడిచి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ఆల్టర్నేటర్‌కు, వైరు కనెక్షన్లకు ముందే ప్లాస్టిక్ సంచి కట్టాలి. కిరోసిన్ వాడితే పూర్తిగా ఆరేదాకా స్టార్ట్ చేయకూడదు. ఆరాక అనుమానమున్న అతుకుల మీద మామూలు టాల్కం పౌడర్ చల్లి, పది పదిహేను కిలోమీటర్లు తిప్పి వచ్చి టార్చిలైటు వేసి చూడాలి. తెల్లటి పొడి మీద నల్లగీత ఎక్కడ మొదలైందో అదే ఊట. కింద నుంచి చూడాల్సి వస్తే స్టాండ్ల మీద నిలిపిన బండి కిందికే వెళ్లాలి. వట్టి జాకీని నమ్మి ఎవరూ దూరకూడదు, ఈ మాట డ్రైవర్ భాయ్‌లందరికీ.

మన బండిని కడిగించి ఎన్‌ఏడీ కూడలి దాకా వెళ్లొచ్చాక చూస్తే, గీత మొదలైంది పైన టాపెట్ కవర్ వెనక మూలలో. అక్కడి నుంచి ఇంజన్ వీపు మీదుగా సన్నగా జారి బెల్ హౌసింగ్ మీద చేరుతోంది. గేర్‌బాక్స్ దించి వెనక సీలు మార్చి ఉంటే ఆ చుక్క మళ్లీ అలాగే పడేది. పాత కార్బురేటర్ బండ్లలో డిస్ట్రిబ్యూటర్ మొదట్లో ఉండే ఓ-రింగు పోయినా ఇలాగే వెనక సీలు మీదికి నింద వస్తుంది.

టాపెట్ కవర్ కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ వేడికి ఏళ్ల తరబడి ఎండి, గట్టిపడి, చేత్తో వంచితే విరిగేంత అయింది. మార్చడం గంట పని. అయినా అందులోనూ పని చెడే చోట్లున్నాయి. పాత ప్యాకింగ్ ముక్కలు గీకేటప్పుడు అల్యూమినియం మీద గీత పడకూడదు. ముక్క లోపల పడనివ్వకూడదు. కారుతోంది కదా అని నట్లు బలంగా బిగిస్తే ప్యాకింగ్ నలిగి, కవర్ వంగి, మరింత కారుతుంది. మధ్య నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా సమంగా బిగించాలి. అనాబాండ్ లాంటి సిలికాన్ పేస్టును ప్యాకింగ్‌కు బదులు ధారాళంగా పూసే అలవాటు మన షెడ్లలో ఉంది. మూలల్లో చిన్న బొట్టు చాలు. ఎక్కువైనది లోపలికి ఊడిపడి, అడుగున ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడితే ఇంజన్‌కే ఆయిల్ అందదు.

అంతటితో వదలకుండా పీసీవీ వాల్వు కూడా తీయించాం. పిస్టన్ల పక్క నుంచి కొంత గాలి, పొగ ఎప్పుడూ ఇంజన్ అడుగుకు దిగుతుంటాయి. వాటిని బయటికి లాగి మళ్లీ ఇంజన్ లోపలికే పంపే చిన్న కిటికీ లాంటిది ఈ వాల్వు. అది మసితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడ నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. మూత పెట్టి ఉడికించిన గిన్నె ఆవిరి ఎక్కడో ఒకచోట దారి చేసుకున్నట్టే. మన బండిలో అది సగం మూసుకుపోయి ఉంది. దాన్ని మార్చకుండా ప్యాకింగ్ ఒక్కటీ మార్చి ఉంటే ఆరు నెలల్లో మరో చోట మొదలయ్యేదని మా అభిప్రాయం. ఆయిల్ గరిష్ఠ గీత దాటి పోసినా కొన్నిసార్లు ఇదే అవస్థ.

మిగతా చోట్లు టూకీగా చెబుతాం. ఆయిల్ మార్చిన మర్నాడే లీకు మొదలైతే ఫిల్టరునూ డ్రెయిన్ నట్టునూ చూడండి. పాత ఫిల్టరు రబ్బరు ఇంజన్‌కే అంటుకుపోయి, దాని మీద కొత్తది ఎక్కించడం తరచూ జరిగేదే, అప్పుడు ఆయిల్ ధారగా పోతుంది. డ్రెయిన్ నట్టు వాషరు ప్రతిసారీ కొత్తది వేయించండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్చి మొదట్లో చెమ్మ ఉంటే ఆ స్విచ్చే మార్చాలి. ముందువైపు క్రాంక్ సీలు, కామ్ సీలు కారితే ఆయిల్ టైమింగ్ బెల్టు మీద పడుతుంది. తడిసిన బెల్టును తుడిచి మళ్లీ వేయకూడదు, సీలుతో పాటు అదీ మార్చాల్సిందే.

నిజంగానే వెనక సీలు పోతే? గేర్‌బాక్స్ దించక తప్పదు. దించే ముందు ఆ చుక్క వాసన చూడండి, గంధకం వాసనైతే పోయింది ఇంజన్ సీలు కాదు, గేర్‌బాక్స్ ముందు సీలు. ఎలాగూ దించారు కాబట్టి రెండు సీళ్లూ వేయించి, క్లచ్ ప్లేటు ఆయిల్‌తో తడిసిందేమో చూసుకుంటే మళ్లీ అదే కూలీ ఇవ్వక్కర్లేదు. సీలు పెదవి రాసుకుని క్రాంక్ మీద గాడి పడి ఉంటే కొత్త సీలును ఆ గాడికి కొంచెం పక్కగా కూర్చోబెడతారు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లుల్లో, పోర్టు క్రేన్ల మీద పనిచేసిన మన సోదరులకు ఇది మేము చెప్పాల్సిన పని లేదు, వారి చేతుల మీద ఇంతకన్నా పెద్ద సీళ్లు ఎన్నో మారి ఉంటాయి.

మన ఊరికి ప్రత్యేకమైన బెడద ఒకటుంది, ఉప్పుగాలి. కోటవీధిలోనో దర్గా కొండ కిందనో సముద్రానికి దగ్గరగా రాత్రంతా నిలిచే బండికి అడుగున ఉన్న ఇనుప ఆయిల్ చాంబర్ బయటి నుంచి తుప్పు పడుతుంది. ప్యాకింగ్ బాగానే ఉన్నా రేకుకు సూదిమొనంత చిల్లు పడి ఆయిల్ ఊరుతుంది. దానికి పైన ఎంత వెతికినా కారణం దొరకదు. తుప్పు పొరలుగా లేస్తుంటే ఎంసీల్ పెట్టి నెట్టుకురాకుండా చాంబర్ మార్చడమే మేలు. ఇంకా గట్టిగా ఉంటే గీకి, తుప్పు ఆపే పెయింటు వేయించవచ్చు. మన బండికి వర్షాలకు ముందు అలా వేయించాం, ఆ ఖర్చూ అదే పద్దులో ఉంది.

లీకు ఆపేస్తుందని సీసాల్లో అమ్మే మందుల గురించీ కొందరు అడిగారు. అవి ఎండిన రబ్బరును కొంచెం మెత్తబరచి ఉబ్బిస్తాయి. చిన్న చెమ్మకు కొన్నాళ్లు పని చేయవచ్చు. చిరిగిన ప్యాకింగ్‌కూ, చిల్లు పడ్డ రేకుకూ పనికిరావు. అంబులెన్సులో మేము పోయనివ్వలేదు.

ఇప్పుడు ప్రతి జుమా ఉదయం డ్రైవర్ డిప్‌స్టిక్ చూసి లాగ్‌బుక్కులో రాస్తున్నారు, నెలకోసారి అట్ట పరుస్తున్నారు. దారిలో ఎర్ర ఆయిల్ దీపం వెలిగితే ఆసుపత్రి ఎంత దగ్గరలో ఉన్నా వెంటనే ఇంజన్ ఆపి, 108కి గానీ మన రెండో బండికి గానీ ఫోన్ చేయమన్నాం. ఆయిల్ లేని ఇంజన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయనివ్వడం లేదు, అది చేరేది మన సముద్రానికే. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగు వారికి ఇచ్చే షెడ్డుకే పంపుతున్నాం. లాగ్‌బుక్కు, బిల్లులు, తీసేసిన పాత ప్యాకింగ్, పీసీవీ వాల్వు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. చూడదలచిన దాతలు అసర్ నమాజు తర్వాత ఏ రోజైనా రావచ్చు.