బత్తాయి తొనలు తిందాం, రసం వద్దు

మాది నల్గొండ జిల్లా. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఆరేళ్లుగా జీవామృతం, ఘనజీవామృతంతోనే పండిస్తున్నాను. మూడేళ్ల కింద నాకు షుగర్ వచ్చింది.

"మన తోట కాయ, మందు కొట్టని కాయ, ఏం కాదులే" అనుకుని పోయిన ఎండాకాలం రోజూ పెద్ద గ్లాసు రసం తాగాను. చక్కెర వేసుకోవట్లేదు కదా అని ధైర్యం. ఒకరోజు తాగిన గంటకు పరీక్ష చేసుకుంటే మీటరు 264 చూపించింది. మా ఇంటామె ఆ గ్లాసు తీసి అటక మీద పెట్టేసింది.

డాక్టరు గారు పండు మానమనలేదు, రసం మానమన్నారు. లెక్క చూడండి. ఒక మధ్యరకం కాయలో సుమారు 12 గ్రాముల చక్కెర, 3 గ్రాముల పీచు ఉంటాయి. గ్లాసు నిండాలంటే మూడు, నాలుగు కాయలు పిండాలి. చక్కెరంతా గ్లాసులోకి, పీచు పిప్పిలోకి పోతుంది. పీచుతో నమిలి తింటే ఆ చక్కెర రక్తంలోకి నిదానంగా ఎక్కుతుంది. షుగర్ పడిపోయి చెమటలు పట్టినప్పుడు అరగ్లాసు పండ్ల రసం తాగమనేది కూడా అందుకే. రసం తొందరగా ఎక్కుతుంది. అప్పుడది మందు, రోజూ తాగేది కాదు.

ఇప్పుడు నేను చేసేది ఇదీ:

• రోజుకు ఒక్కటే కాయ. తొన మీది తెల్ల పొర తీయకుండా నమిలి తింటాను.
• ఒట్టి కడుపున తినను. సాయంత్రం గుప్పెడు పల్లీలతో తింటాను.
• ఆ రోజు అన్నం ఒక ముద్ద తగ్గిస్తాను.
• తిన్నాక పావుగంట తోటలో తిరుగుతాను.
• దాహానికి పలుచటి మజ్జిగలో నిమ్మకాయ పిండుకుంటాను. చక్కెర వేయను.
• మాత్రలు మానలేదు.

రెండు గంటలకు చూసుకుంటే 150, 160 దగ్గర ఉంటోంది. 180 లోపు ఉండాలన్నారు నాకు. అందరి ఒళ్లూ ఒకటి కాదు, మీరు మీ మీటరు చూసుకుని, మీ డాక్టరును అడిగే తినండి. కాయ ఒలిచి తొన తీసే తీరు వీడియోలో చూపించాను.

చివరిగా ఒక్క మాట. తోటకొచ్చి కొనేవాళ్లు "మీది ఆర్గానిక్ కదా, షుగర్ వాళ్లు ఎంతైనా తాగొచ్చా?" అని అడుగుతున్నారు. నాలుగు కిలోలు ఎక్కువ పోతాయని ఔననకండి. జీవామృతం నేలను బాగుచేస్తుంది గానీ కాయలో తీపిని తీసేయదు. ఆ మాట కొనేవాళ్లకు మనమే చెప్పాలి.